ఆరోగ్య సంస్కరణ: పోరాడవలసినది ఎవరితో?

2020 జూలై 1వ తేదీన విజయవాడ బెంజి సర్కిల్ వద్ద నిలుచున్నవారు ఒక అపురూపమైన దృశ్యమును చూచిరి. 108, 104 సంఖ్యలు వ్రాసిన వాహనములు 1,088 బారులు తీరియుండగా, నాటి ముఖ్యమంత్రి శ్రీ వై.యస్. జగన్మోహన్ రెడ్డి జెండా ఊపిరి. బండ్లు ఒకదాని వెనుక నొకటి కదలి రాష్ట్రము నలుమూలలకు సాగిపోయినవి. కరోనా భయము ఊళ్లను కమ్ముకొన్న దినములవి. ఆ వరుసను చూచి ధైర్యము తెచ్చుకొననివారు అరుదు.

ఆ బండ్ల వెంట మన ఆలోచనయు కొంత దూరము పోయినచో ఒక ప్రశ్న ఎదురగును. బండి రోగిని తీసికొనిపోయి ఎక్కడ దింపును? అక్కడ వైద్యుడు ఉండునా? మందు ఉండునా? ఆ రోగము ఏ నీటి వలన, ఏ గాలి వలన వచ్చినదో కనుగొని, మరునాడు అదే వీధి నుండి మరొక రోగి రాకుండ ఆపువారు ఉందురా? జెండా ఊపుటతో నాయకుని పని ముగిసినదా, లేక అప్పుడే ఆరంభమైనదా?

"దేశాధినేత ఆరోగ్య సంస్కరణ కొరకు ఇంకను గట్టిగా పోరాడవలదా?" అను ప్రశ్న అమెరికాలో ఎనుబది సంవత్సరములుగా వినవచ్చుచున్నది. అదే ప్రశ్నను కృష్ణా తీరమున వేసికొన్నచో ఏమి సమాధానము వచ్చును? ముందుగా ఆ దేశపు కథను క్లుప్తముగా చెప్పుకొందము.

1945 నవంబరు 19న అధ్యక్షుడు ట్రూమన్ అమెరికా కాంగ్రెసుకు సందేశము పంపి, ప్రజలందరికిని ఆరోగ్య బీమా కల్పింపవలెనని కోరెను. వైద్యుల సంఘము దానిని తీవ్రముగా ఎదిరించెను. ట్రూమన్ ఓడిపోయెను. ఇరువది సంవత్సరముల తరువాత, 1965 జూలై 30న, అధ్యక్షుడు జాన్సన్ వృద్ధుల ఆరోగ్య బీమా చట్టముపై సంతకము చేయుటకు ట్రూమన్ స్వస్థలమైన ఇండిపెండెన్సు పట్టణమునకు వెళ్లి, మొదటి కార్డును ఆ వృద్ధ నాయకుని చేతికే ఇచ్చెను. 1993లో క్లింటన్ చేసిన ప్రయత్నము మరుసటి యేటనే కూలిపోయెను. 2010 మార్చి 21న ఒబామా చట్టము ప్రతినిధుల సభలో 219 – 212 ఓట్లతో గట్టెక్కినది. ఆ సంవత్సరము నవంబరులోనే ఆయన పక్షము ఆ సభలో తన ఆధిక్యమును కోల్పోయినది. అయినను 2017లో ఆ చట్టమును తొలగింప జూచినవారికి సెనేటులో రెండు ఓట్ల తేడాతో అపజయము కలిగినది. నాయకుడు మూల్యము చెల్లించెను, చట్టము నిలిచినది.

ఇంగ్లండులోను ఇట్టిదే జరిగినది. 1948 జూలై 5న ఆరోగ్యమంత్రి బెవాన్ జాతీయ ఆరోగ్య సేవను ప్రారంభించుటకు ముందు వైద్యుల సంఘముతో నెలల తరబడి పెనగులాడవలసి వచ్చినది. పెద్ద వైద్యులు డబ్బు చెల్లించు రోగులను కూడ చూచుకొనుటకు అనుమతి ఇచ్చి ఆయన వారిని దారికి తెచ్చుకొనెను.

ఈ రెండు కథలలోను శత్రువు కంటికి కనబడుచున్నాడు. కాంగ్రెసు ఉన్నది, వైద్యుల సంఘము ఉన్నది, బీమా కంపెనీలు ఉన్నవి. నాయకుడు పోరాడుచున్నాడో లేదో పత్రిక చదువు ప్రతివాడును చెప్పగలడు.

మన స్థితి వేరు. రాజ్యాంగములోని ఏడవ షెడ్యూలు ప్రజారోగ్యమును, ఆసుపత్రులను రాష్ట్రముల జాబితాలో చేర్చినది. 47వ అధికరణము ప్రజారోగ్యమును మెరుగుపరచుట రాజ్యము యొక్క ప్రథమ విధులలో ఒకటియని చెప్పుచున్నది. కనుక ఈ విషయమున అమెరికా అధ్యక్షుని స్థానములో మనకు నిలుచువాడు ముఖ్యమంత్రి. అతనికి శాసనసభలో ఆధిక్యము ఉండనే ఉండును. ఏ బిల్లునైనను ఒక పూటలో నెగ్గించుకొనగలడు.

దీనికి విజయవాడలోనే ఉదాహరణ కలదు. 1986లో శ్రీ ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా నుండగా వైద్యవిద్య కొరకు ఈ నగరమున ప్రత్యేక విశ్వవిద్యాలయము నెలకొన్నది. ఆయన మరణానంతరము దానికి ఆయన పేరు పెట్టిరి. 2022 సెప్టెంబరులో శాసనసభ ఆ పేరు తొలగించి డాక్టర్ వై.యస్. రాజశేఖరరెడ్డి పేరు పెట్టినది. 2024లో ప్రభుత్వము మారగానే మొదటి పేరు తిరిగి వచ్చినది. రెండు పేర్లును గౌరవింపదగినవే. కాని బోర్డు రెండుమార్లు మారిన ఆ కాలములో, ఒక్క పల్లెలోని రోగికైనను ఆ మార్పు వలన ఒక మాత్ర అదనముగా లభించెనా? సభలో కేకలు మిన్నుముట్టినవి. అది పోరాటము వలెనే కనబడినది. ఆరోగ్యమునకు మాత్రము దానితో సంబంధము లేదు.

అయినచో మన నాయకులు ఆరోగ్యము కొరకు ఏమియు చేయలేదా? అట్లనుట అన్యాయము. 2005 ఆగస్టు 15న 108 సేవ మొదలైనది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకము మహబూబునగరము, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ప్రారంభమై, మరుసటి సంవత్సరము రాష్ట్రమంతటను వ్యాపించినది. అంతకుముందు పేదవాని బిడ్డకు గుండెజబ్బు వచ్చినచో తండ్రి అర్జీ పట్టుకొని ముఖ్యమంత్రి సహాయనిధి కొరకు శాసనసభ్యుని గుమ్మము ముందు నిలువవలసి వచ్చెడిది. స్వయముగా వైద్యుడైన రాజశేఖరరెడ్డి ఆ యాచనను హక్కుగా మార్చిరి. కుటుంబమునకు లక్షన్నర రూపాయలు, అవసరమైన మరి యాబది వేలు. పేదవాడు కార్పొరేట్ ఆసుపత్రిలో పైసా చెల్లింపకుండ శస్త్రచికిత్స పొందుట తెలుగుదేశమున క్రొత్త సంగతి.

తరువాత వచ్చినవారెవ్వరును దానిని తీసివేయలేదు. రాష్ట్ర విభజనానంతరము శ్రీ చంద్రబాబునాయుడు ప్రభుత్వము ఎన్టీఆర్ వైద్యసేవ అను పేరుతో పరిమితిని రెండున్నర లక్షలకు పెంచినది. జగన్మోహన్ రెడ్డి ప్రభుత్వము వెయ్యి రూపాయలు దాటిన చికిత్సలకు దానిని విస్తరించి, 2023 డిసెంబరులో పరిమితిని 25 లక్షలకు చేర్చినది. 2025 సెప్టెంబరులో మంత్రివర్గము రెండున్నర లక్షల వరకు బీమా సంస్థల ద్వారాను, అంతకు మించి 25 లక్షల వరకు ట్రస్టు ద్వారాను చెల్లించు పద్ధతికి ఆమోదము తెలిపినది. కేంద్ర ప్రభుత్వమును 2018 సెప్టెంబరు 23న కుటుంబమునకు ఐదు లక్షల పథకమును ప్రారంభించినది. పార్టీలు మారినను పథకము పెరుగుచునే వచ్చినది. ప్రజలు దానిని తమదిగా చేసికొనిరనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

మరి లోపమెక్కడ? దివిసీమలోని ఒక కౌలురైతును ఊహింపుడు. అతనికి చక్కెర వ్యాధి, రక్తపు పోటు. తెల్లవారుజామున బస్సెక్కి విజయవాడలో దిగి సూర్యారావుపేట చేరును. ఆ పేటలో వీధి వీధికిని ఆసుపత్రులే. వైద్యుని రుసుము, రక్తపరీక్షలు, నెలకు సరిపడు మాత్రలు, బస్సు ఛార్జీలు, పోయిన కూలి. ఇవి అన్నియు అతని జేబులోనివే. అతనికి కోత లేదు, కట్టు లేదు. కనుక కార్డు పలుకదు. కొన్ని నెలలకు డబ్బు చాలక మాత్రలు మానును. మరి కొన్ని యేండ్లకు మూత్రపిండములు చెడును, లేదా పక్షవాతము వచ్చును. అప్పుడు కార్డు పలుకును. ముందు పది రూపాయలతో ఆగవలసిన రోగము, తరువాత లక్షలతోను ఆగదు.

ఈ నష్టము లెక్కలలోను కనబడుచున్నది. దేశములో ఆరోగ్యమునకు అగు మొత్తము వ్యయములో ప్రజలు తమ చేతి నుండి పెట్టుకొనునది 2013–14లో 64 శాతముగా నుండి, 2021–22 నాటికి 39 శాతమునకు తగ్గినది. ఇది సంతోషింపదగినదే. అయినను నూటికి ముప్పది తొమ్మిది తక్కువ కాదు. అందు పెద్ద పాలు మందులదే. 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానము, 2025 నాటికి ప్రభుత్వ వ్యయము జాతీయోత్పత్తిలో రెండున్నర శాతము కావలెనని లక్ష్యము పెట్టినది. 2021–22లో అది 1.84 శాతము. రాష్ట్రములు తమ బడ్జెటులో ఎనిమిది శాతమునకు మించి ఆరోగ్యమునకు వెచ్చింపవలెనని అదే విధానము చెప్పినది.

పథకము పెరిగినంత వేగముగా ఖజానా కదలలేదు. 2024 మే నెలలో ప్రైవేటు ఆసుపత్రులు బకాయిలు చెల్లింపలేదని చెప్పి ఈ పథకము క్రింద సేవలను ఆపివేసినవి. 2025 అక్టోబరులో మరల ఆపివేసినవి. మొదటిసారి అధికారములో ఉన్నది ఒక పక్షము, రెండవసారి ఉన్నది మరొక పక్షము. కనుక ఇది ఒక పార్టీ దోషము కాదు. పరిమితిని పెంచుట ఒక ప్రకటనతో అగును; బిల్లు చెల్లించుట ప్రతి నెలయు చేయవలసిన పని. ప్రకటనకు చప్పట్లు కొట్టుదురు. సకాలమున బిల్లు చెల్లించినందుకు ఏ ఊరిలోను ఎవ్వరును ఊరేగింపు చేయలేదు.

ఇంకొక సంగతి. విజయవాడకు ఉత్తరముగా తిరువూరు దారిలో ఎ.కొండూరు మండలము కలదు. అచ్చటి తండాలలో గిరిజనులు ఏండ్ల తరబడి కిడ్నీ జబ్బుతో బాధపడుచున్నారు, ఎందరో మరణించిరి. భూగర్భ జలముపై అనుమానము కలిగినది. కృష్ణానీరు కావలెనని వారు మొరపెట్టుకొనిరి. రక్తశుద్ధికి కార్డు డబ్బు చెల్లించును. కాని మంచినీరు తెచ్చుట ఏ కార్డు వలనను కాదు. నది ఆ తండాలకు ఎంతో దూరమున లేదు. దూరమెల్ల కార్యాలయములకు కార్యాలయములకు నడుమ నున్నది.

2020 డిసెంబరులో ఏలూరులో జరిగినది కూడ మరువరాదు. ఉన్నట్టుండి జనులు మూర్ఛపోయి పడిపోజొచ్చిరి. కొలది దినములలో ఆరు వందలకు పైగా ఆసుపత్రి పాలైరి. ఢిల్లీ నుండి, హైదరాబాదు నుండి నిపుణులు వచ్చిరి. రక్తములో సీసము, నికెలు జాడలు కనబడినవని ఒకరు, పురుగుమందుల అవశేషములు కారణమై యుండునని మరియొకరు అభిప్రాయపడిరి. రోగులలో దాదాపు అందరును త్వరలోనే కోలుకొనుట అదృష్టము. కాని కాలువలతో, పంటచేలతో నిండిన మన డెల్టాలో నీటిని, కూరగాయలను ప్రతి వారము పరీక్షించి ముందుగానే హెచ్చరించు ఏర్పాటు ఎంత అవసరమో ఆ వారము చెప్పినది.

ఇట్టి ఏర్పాటు మన పెద్దలకు తెలియనిది కాదు. విజయవాడ, బందరు, ఏలూరు మద్రాసు రాష్ట్రములో ఉన్న కాలమున, 1939లో, ప్రజారోగ్య చట్టము వచ్చినది. త్రాగునీరు, మురుగు, అంటువ్యాధులు, సంతలు, తిరునాళ్లు. అన్నియు దాని పరిధిలోనివే. రాజాజీ మంత్రివర్గములో ఆరోగ్యశాఖ చూచిన టి.యస్.యస్. రాజన్ స్వయముగా వైద్యుడు. అటు తరువాత 1946లో భోర్ సంఘము, డబ్బు లేదను కారణమున ఎవ్వరికిని వైద్యము నిరాకరింపబడరాదని చెప్పి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమును మొత్తము వ్యవస్థకు పునాదిగా నిలిపినది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకముతో అట్టి కేంద్రములు వెలయసాగినవి. మైదాన ప్రాంతములో ముప్పది వేల మందికి ఒక కేంద్రము, ఐదు వేల మందికి ఒక ఉపకేంద్రము ఉండవలెనన్నది నేటి నియమము. 2023 ఏప్రిల్ 6న ఆరంభమైన ఫ్యామిలీ డాక్టర్ పథకమును, ఊరికే వైద్యుడు రావలెనను ఈ పాత ఆలోచననే తిరిగి చేపట్టినది.

అదే 1939 చట్టమును వారసత్వముగా పొందిన తమిళనాడు ఏమి చేసినది? ప్రజారోగ్యమునకు ప్రత్యేకముగా శిక్షణ పొందిన ఉద్యోగవర్గమును నిలుపుకొన్నది. 1994లో మందుల కొనుగోలు కొరకు ఒక సంస్థను స్థాపించినది. అది అవసరమైన మందుల జాబితాను నిర్ణయించి, టెండరు ద్వారా కొని, నాణ్యత పరీక్షించి, జిల్లా గోదాముల నుండి ఆసుపత్రులకు పంపును. ప్రతి ఆసుపత్రికిని పాసుబుక్కు ఉండును. ఆ తరువాత ఆ రాష్ట్రములో ప్రభుత్వములు పెక్కుమార్లు మారినవి. సంస్థ మారలేదు. దానికి ఏ నాయకుని పేరును లేదు. బహుశః అందువలననే ఎవ్వరును దానిని పడగొట్టవలెనని తలపలేదేమో!

కనుక ముఖ్యమంత్రి ఇంకను గట్టిగా పోరాడవలెనా యను ప్రశ్నకు నా సమాధానము: పోరాడవలెను, కాని శాసనసభలో కాదు. అతని మొదటి ప్రత్యర్థి తన ఆర్థికశాఖయే. ఆరోగ్యమునకు కేటాయించిన సొమ్ము వేరు పద్దునకు మళ్లకుండ, బిల్లు ఏ నెలకు ఆ నెల చెల్లునట్లు కట్టుదిట్టము చేయుట మొదటి పోరు. రెండవ ప్రత్యర్థి సిఫారసు. పల్లె కేంద్రమున నియమితుడైన వైద్యుడు పట్నమునకు బదిలీ కోరును. అతని చేతిలో తన పార్టీవారి ఉత్తరమే ఉండును. దానిని కాదనుటకు ధైర్యము కావలెను. మూడవ ప్రత్యర్థి తన కీర్తికాంక్ష. పేరు పెట్టుటకు వీలున్న పని మీదికే మనస్సు పోవును. క్లోరిన్ పరీక్షకు పేరు పెట్టుట ఎట్లు?

ఇందుకు పాఠకులు కొందరు అభ్యంతరము చెప్పవచ్చును. "ఓట్లు తెచ్చు పని చేయని నాయకుడు నిలుచునా? ఓడిన నాయకుడు ఏ సంస్కరణ చేయగలడు?" అని. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. రాజస్థాన్ లో 2023 మార్చి 21న ఆరోగ్య హక్కు చట్టమును శాసనసభ ఆమోదించినది. అత్యవసర చికిత్సను ఏ ఆసుపత్రియు డబ్బు కొరకు నిరాకరింపరాదన్నది అందలి ముఖ్యాంశము. ప్రైవేటు వైద్యులు వీథులలోనికి వచ్చిరి. ప్రభుత్వము ఏప్రిల్ నెలలో వారితో రాజీ చేసికొని, ప్రభుత్వ సహాయము పొందని ప్రైవేటు ఆసుపత్రులకు మినహాయింపు ఇచ్చినది. ఆ సంవత్సరాంతమున జరిగిన ఎన్నికలలో ఆ ప్రభుత్వము ఓడినది. ఓటమికి కారణములు అనేకములు, దీనినే కారణమనలేము. కాని పోరాడినందుకు గెలుపు ఖాయమని చెప్పుటకు వీలులేదని మాత్రము తెలియుచున్నది.

అయినను ఆ ఉదాహరణమే మరొక విషయమును చెప్పుచున్నది. నిజముగా ఎవరినైనను ఏదైనను అడిగిన సంస్కరణకే ప్రతిఘటన వచ్చును. మన రాష్ట్రములో కార్డు పరిమితిని పెంచినప్పుడెల్ల ప్రతిఘటన రాలేదు. ఏలయన, అది ప్రజల నుండి గాని, ఆసుపత్రుల నుండి గాని, ఉద్యోగుల నుండి గాని ఏమియు కోరలేదు. ఖజానాను మాత్రము కోరినది; ఖజానాకు నోరు లేదు. అది ఆలస్యము ద్వారానే తన అసమ్మతిని తెలుపును.

నేటి వైద్యకళాశాలల వివాదమును కూడ ఈ దృష్టితో చూడవలెను. 2023 సెప్టెంబరు 15న ప్రారంభమైన ఐదు ప్రభుత్వ వైద్యకళాశాలలలో మచిలీపట్నము, ఏలూరు కళాశాలలు రెండును మన డెల్టా ప్రాంతమువే. తలపెట్టిన వానిలో మరి పదింటిని ప్రైవేటు భాగస్వామ్యముతో నిర్మింపవలెనని 2025లో ప్రభుత్వము నిశ్చయించినది. ఇది పేదల సొత్తును ప్రైవేటువారికి అప్పగించుటయని ప్రతిపక్షము ఆందోళన సాగించినది. డబ్బు లేక గోడలు అసంపూర్తిగా నిలుచుట కంటె భాగస్వామ్యమే మేలని ప్రభుత్వ పక్షము వాదించినది. ఎవరు కట్టవలెనన్నది ముఖ్యమైన ప్రశ్నయే. నా మట్టుకు, పేద విద్యార్థికి సీటును పేద రోగికి మంచమును దూరము చేయు ఏ ఒప్పందమును సమ్మతింపను. కాని ఇరుపక్షములును గొంతెత్తి అడుగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. ఆ కళాశాలలలో చదివిన వైద్యుడు కోడూరు, నాగాయలంక వైపు పోయి పనిచేయుటకు ఏ ఏర్పాటు చేసితిరి? అతనికి ఇల్లు, అతని పిల్లలకు బడి, అతని చేతికి మందులు ఎవరిత్తురు?

ఉపాధ్యాయ మిత్రులారా, విద్యార్థులారా! నాయకుడు పోరాడుట లేదని నిందించుటకు ముందు, అతడు పోరాడినచో గుర్తించువారము మనమున్నామా యని మనలను మనము ప్రశ్నించుకొందము. కనబడని పనిని గుర్తించు ప్రజ లేనిచోట కనబడని పని చేయు నాయకుడు పుట్టడు. పౌరశాస్త్రపు పాఠము చెప్పునాడు ఒక తరగతిని ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవచ్చును. ఈ నెలలో వైద్యుడు ఎన్ని దినములు వచ్చెను? చక్కెర వ్యాధికి, రక్తపు పోటుకు మాత్రలు ఎన్ని దినములు లేకుండెను? ఊరి త్రాగునీటిని చివరిసారి ఎప్పుడు పరీక్షించిరి? ఈ మూడు ప్రశ్నలకు వచ్చిన సమాధానములను పిల్లలు నోటుపుస్తకములో వ్రాసి, ప్రతి నెలయు పంచాయతీ కార్యాలయమున వినయముగా చదివి వినిపించినచో అది ఏ పార్టీకిని విరోధము కాదు. ఆ లెక్క పదిమందికి తెలిసినచో వైద్యాధికారికి తెలియును. వైద్యాధికారికి తెలిసినచో మంత్రికి తెలియకపోదు.

ట్రూమన్ ఓడిన ఇరువది యేండ్లకు అతని చేతికి మొదటి కార్డు వచ్చినది. మనకు కార్డు ముందే వచ్చినది. అది అక్కరకు రాకుండనే దివిసీమ కౌలురైతు తన ఊరిలోనే నెల నెలయు మాత్రలు పొంది, సూర్యారావుపేట దారి మరచిపోయిన నాడు, ఏ ముఖ్యమంత్రి ఎంత పోరాడెనో వేరుగా ఎవ్వరును చెప్పనక్కర యుండదు.